పేరు చెప్పాక మళ్ళీ పోటీ ఏంది?

వేపేరి, మదరాసు
10 ఫిబ్రవరి 1941

అవ్వకు సామ్రాజ్యం వందనాలు.

నువ్వు పంపిన కందిపొడి అందింది. డబ్బా మూత సరిగ్గా పడక దారిపొడుగునా రాలి, తపాలా ఆయన సంచి అంతా ఘుమఘుమలాడింది. "మీ పార్సెలు మోసుకొచ్చేసరికి నాకు రెండో పూట అన్నం కావలసొచ్చిందమ్మా" అన్నాడు. తమిళాయన, నోరు మంచిది. కొంత పొట్లం కట్టి ఇచ్చాను. నువ్వుంటే మొత్తం ఇచ్చేసి, తర్వాత నాకేమీ మిగల్లేదని నన్నే తిట్టేదానివి.

ఇంకో సంగతి. చెన్నపురి చిత్రకళా సమాజం అని ఇక్కడ ఒకటుంది. ఏటా వచ్చిన సినిమాలన్నీ చూసి ఉత్తమ నటికి బంగారు పతకం ఇస్తారు. ఈసారి దానికి నా పేరు ప్రతిపాదించారు. నిన్నటి పత్రికలో పడింది. ఫొటో కూడా వేశారు గానీ, అచ్చులో ముక్కు పోయింది.

నేను వేసిన వేషం ఏమిటో నీకు చెప్పలేదు కదూ. అరవై ఏళ్ళ బడిపంతులమ్మ. రోజూ తలకు తెల్లపొడి పూసేవాళ్ళు, రాత్రికి కడుక్కుంటే ఊడవని పిండిమరలా ఉండేది స్నానాలగది. ఇరవై మూడేళ్ళ పిల్లకు ముసలి వేషమేమిటని కంపెనీలో సణిగారు. డైరెక్టరు గారు ఒకసారి నడిచి చూపించమన్నారు. నడిచాను. "ఈ నడక ఎక్కడ దొరికిందమ్మాయ్?" అన్నారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

అవ్వా, ఈస్టరుకు ఇంటికి రావాలని ఉంది. రెండేళ్ళయింది. కానీ సినిమాల్లో చేరానని మన చర్చి సంఘపు పుస్తకంలో నా పేరు కొట్టేశారు. మీరందరూ ప్రభువు బల్ల దగ్గరికి లేచి పోతుంటే, నేను వెనక చాప మీద ఒక్కదాన్నే కూర్చోలేను. "వేషాలు కట్టేవాళ్ళకు బల్ల లేదు" అని వరప్రసాదం మామ అన్నది ఇంకా చెవిలోనే ఉంది. చిన్నప్పుడు నన్ను క్రిస్మసు పాటలకు భుజాన ఎక్కించుకొని తిప్పిన మనిషి. మళ్ళీ నీ పక్కన నిలబడి రొట్టె తీసుకోవాలని తప్ప నాకు వేరే కోరిక లేదు. అది ఎట్లాగో మాత్రం తెలియడం లేదు.

మోకాలికి నూనె రాస్తున్నావా?

నీ
సామ్రాజ్యం

* * *

మార్కాపురం
17 ఫిబ్రవరి 1941

చిరంజీవి సామ్రాజ్యానికి అవ్వ ఎలీషబా ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి, మోకాలు తప్ప. అది మొదటినుంచీ నా మాట వినే రకం కాదు.

ముందు నీ ఉత్తరం సంగతి. ఉత్తరమంటే ముఖ్యమైనది ముందు రాయాలని నీకు మూడో తరగతిలోనే చెప్పాను. నువ్వు బంగారు పతకాన్ని తీసుకెళ్ళి కందిపొడి డబ్బా వెనకాల పెట్టావు. చదివేటప్పుడు నిలబడి ఉన్నాను, ఆ వాక్యం దగ్గర కూర్చున్నాను. మళ్ళీ లేచి, కళ్ళద్దాలు తుడుచుకొని ఇంకోసారి చదివాను. తర్వాత నతానియేలు అయ్యగారి ఇంటికి పోయాను, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి. ఈ చివరి మాట ఎవరికీ చెప్పకు.

నిన్న ఆదివారం నీకోసం కృతజ్ఞతార్పణ ఇచ్చాను. నా నల్లకోడిపెట్ట. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగా అర్పణలు వేలం పాట పెట్టారు. గుమ్మడికాయ, సజ్జల గంప, ఆ తర్వాత నా కోడి. ఎవరి అర్పణో, దేనికో అడక్కుండా వరప్రసాదం పాడుకుంటూ పోయి కోడిని సంపాదించాడు. పలకల గనిలో మేస్త్రీ అయినప్పటినుంచీ పాటలో వెనక్కి తగ్గడం అతనికి నామోషీ. కోడి చంకలోకి వచ్చాక అయ్యగారు లేచి, "మన పంతులమ్మ మనవరాలు సామ్రాజ్యానికి మదరాసులో ఉత్తమ నటి పతకం వచ్చినందుకు దేవునికి స్తోత్రం" అన్నారు.

వరప్రసాదం ముఖం చూడాల్సింది.

"అయ్యగారూ, అది సినిమా గదా" అన్నాడు.

"చంకలో ఉండే కోడి గూడా ఆ సినిమాదే నాయనా" అన్నాను.

నవ్వు ఆగడానికి అయ్యగారు కీర్తన ఎత్తుకోవలసి వచ్చింది. నీకోసం స్తుతి చెల్లించి కోడిని తీసుకున్నవాడు, ఇక నీ పేరును కాదనడమెట్లా? ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు నీ పేరు మళ్ళీ పుస్తకంలో రాస్తామని అయ్యగారు అందరి ముందూ అన్నారు. ఈస్టరుకు నువ్వు నా పక్కన ఉంటావు. నీ పేరు కొట్టేసిన రోజున వద్దన్నది నేనొక్కదాన్నే. నిన్న ఒక్కరూ వద్దనలేదు.

ఊరంతా మన వాకిట్లోనే ఉంది. దుకాణం పిచ్చయ్య శెట్టి వచ్చి పతకం బరువెంత అని అడిగాడు. కొనకనమిట్ల నుంచి వెంకటసుబ్బులమ్మ వచ్చింది, నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల, ఇప్పుడు తనకే మనవలు. "మన బడి పిల్ల గదా అవ్వా, మాకూ పేరే" అంది. బడి పిల్ల పేరు మదరాసు పత్రికలో పడితే ఈ ముసలిదాని తల కాస్త ఎత్తులోనే ఉంటుంది. ఉండనీ, నాలుగు రోజులు.

పతకం మెడలో వేసుకొని ఫొటో తీయించుకో. ముక్కు ఉండేట్టు చూసుకో.

ఆశీర్వాదాలతో
అవ్వ

* * *

వేపేరి, మదరాసు
21 ఫిబ్రవరి 1941

అవ్వా,

ముఖ్యమైనది ముందు రాయమన్నావు కాబట్టి ముందే రాస్తున్నాను. పతకం నాకు రాలేదు. ఇంకా ఎవరికీ రాలేదు.

నా పేరు ప్రతిపాదించారన్నాను. మొత్తం ముగ్గురి పేర్లు ఉన్నాయి. మార్చి ఎనిమిదిన సభ పెట్టి, ఆ ముగ్గురిలో ఒకరి పేరు చదువుతారు. మిగతా ఇద్దరం చప్పట్లు కొట్టి ఇంటికి రావాలి. ఇక్కడి పద్ధతి అది. మన సంఘంలో లాగా ఒకసారి పేరు చెప్పాక అందరూ తలూపి ప్రార్థన చేసుకోవడం ఉండదు. నేను విడమరిచి రాయాల్సింది. నువ్వు అట్లా అనుకుంటావని నాకు తోచలేదు.

మిగతా ఇద్దరిలో ఒకామెది రాజమండ్రి, పాట బాగా పాడుతుంది. రెండో ఆవిడ కనకాంబుజమ్మ గారు. పదిహేనేళ్ళుగా నటిస్తున్నారు, నాటకాల నుంచి వచ్చారు. ఆవిడ ఏడిస్తే లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా ఏడుస్తారు. ఆవిడ ముందు నేను పలక పట్టుకున్న పిల్లను.

అయ్యగారితో వెంటనే చెప్పు అవ్వా. ఆలస్యమయ్యేకొద్దీ నీకే కష్టం. కోడి సంగతి తలుచుకుంటే నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది.

సామ్రాజ్యం

* * *

మార్కాపురం
26 ఫిబ్రవరి 1941

సామ్రాజ్యానికి,

పేరు చెప్పాక మళ్ళీ పోటీ ఏంది? నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ముగ్గురు ఆడపిల్లల పేర్లు పత్రికలో వేసి, ఇద్దరిని పదిమందిలో చప్పట్లు కొట్టించి పంపడం ఏ మర్యాద? మీ సమాజంలో చదువుకున్నవాళ్ళు ఉంటారనుకున్నాను. ఏం చదివారు?

అది అట్లా ఉంచు. నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. పదిహేనేళ్ళుగా ఆ పని చేస్తున్న పెద్దామె ఉండగా, నువ్వు నీ పేరు ఎట్లా ఉంచుకున్నావు? మన దగ్గర పొరపాటున రెండు పేర్లు వస్తే చిన్నవాడు లేచి, నాకొద్దు, పెద్దాయన ఉండనీ అంటాడు. పెద్దాయన వద్దు వద్దు అని కాసేపు గునిసి ఒప్పుకుంటాడు. ఎవరికీ తలవంపులు ఉండవు. నువ్వు పండ్లు తీసుకొని ఆమె ఇంటికి పో. తప్పుకుంటున్నానని చెప్పు. నీ వయసుకు ముందు చాలా ఏళ్ళున్నాయి.

అయ్యగారికి ఇంకా చెప్పలేదు. ఆయన యర్రగొండపాలెం అవతలి పల్లెలకు బండి కట్టుకొని పోయారు, వచ్చాక చెప్తాను. ఈలోపు వాకిట్లోకి వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక మజ్జిగ ఇచ్చి పంపుతున్నాను. పిచ్చయ్య శెట్టి ఇప్పటికి బరువు మూడుసార్లు అడిగాడు. తూచి చెప్తానన్నాను.

నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పినట్టు చెయ్యి.

అవ్వ

* * *

వేపేరి, మదరాసు
10 మార్చి 1941

అవ్వకు,

కనకాంబుజమ్మ గారికి వచ్చింది. నాకు రాలేదు.

నువ్వు చెప్పినట్టే బత్తాయిలు తీసుకొని సభకు ముందే ఆవిడ ఇంటికి వెళ్ళాను. "మా అవ్వ నన్ను తప్పుకోమంది" అన్నాను. ఆవిడ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

"నన్ను దిగిపొమ్మని రాసినవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. నాకోసం ఇంకొకరిని తప్పుకోమన్న మనిషిని ఇదే వినడం. మీ అవ్వకు సినిమాలంటే ఇష్టమా?" అన్నారు.

"ఒక్కటీ చూడలేదండీ" అన్నాను.

"అయితే ఆవిడ మాట నమ్మొచ్చు" అని నవ్వారు. తప్పుకోవడం కుదరదట. పేర్లు ఒకసారి పడ్డాక తీసే పద్ధతి లేదట. సభలో తన పక్కనే కూర్చోమన్నారు. ఆవిడ పేరు చదివినప్పుడు చేతిసంచి నా ఒళ్ళో పెట్టి, "జాగ్రత్త, అందులో బత్తాయి ఉంది" అని చెప్పి వేదిక మీదికి వెళ్ళారు. నేను నిజంగానే చప్పట్లు కొట్టాను. ఆ సంగతిలో నాకు బాధ లేదు.

బాధ వేరే ఉంది. నువ్వు తప్పుకోమని రాసినప్పుడే నాకు తెలిసింది, నా వల్ల నీకు తలవంపులయ్యాయని. పెద్దామెను సాకుగా చెప్పావు గానీ, సినిమా పతకం కోసం మనవరాలు పోటీకి నిలబడిందంటే నీకు సిగ్గుగా ఉందని నాకు తెలియదా? జీవితమంతా ఒక్క అబద్ధం ఆడని మనిషిని సంఘం ముందు అబద్ధాలకోరును చేశాను.

అయ్యగారితో చెప్పెయ్యి. నా పేరు రాయొద్దని కూడా చెప్పు. ఈస్టరుకు రాను. పతకం వచ్చిందని రాయబోయిన పేరు, పతకం రాలేదని మళ్ళీ ఆపేస్తే చూడలేను.

ఇంకొకటి దాచాను. ఆ సినిమాలో పంతులమ్మ నువ్వే. నడక నీది. కళ్ళద్దాల పెట్టెతో బల్ల మీద కొట్టడం నీది. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించడం నీది. పతకం వస్తే నీకు వచ్చినట్టే అనుకున్నాను. అందుకే రావాలనుకున్నాను.

సామ్రాజ్యం

* * *

మార్కాపురం
31 మార్చి 1941

నా తల్లీ సామ్రాజ్యానికి,

జవాబు ఆలస్యమైంది. కొంత చూసి రాద్దామని ఆగాను. ఇది పెద్ద ఉత్తరం, దీపం దగ్గర కాకుండా పగలు చదువుకో.

నాకు సిగ్గని రాశావు. నిన్ను పెంచి, చదివించి, నా దగ్గరున్న మాటలన్నీ నీకు నేర్పితే, చివరికి నా ఉత్తరం నువ్వు తప్పు చదివావు. పెద్దల ముందు మర్యాదగా ఉండమన్నాను, అంతే. సిగ్గుపడితే కోడిని ఎందుకిస్తాను? నాకు ఉన్నది ఒకటే పెట్ట.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే, ఆదివారం ఆరాధనలో లేచాను. "మా పిల్లకు పతకం వచ్చిందని చెప్పినాను, రాలేదు. మదరాసులో ముగ్గురి పేర్లు చెప్పి ఒకరికి ఇస్తారంట. తెలియక చెప్పినాను, తప్పు నాది, పిల్లది కాదు" అన్నాను. చెప్పి కూర్చోవడానికి మోకాలు ఒప్పుకోలేదు, అందుకని నిలబడే ఉన్నాను.

వరప్రసాదం లేచాడు. "పంతులమ్మ నిజం చెప్పింది, సంతోషం. అయితే స్తుతి చెల్లించింది పతకానికి గదా. పతకమే లేకపోతే మట్టలాదివారం పేరు రాసేది ఎట్ల?" అన్నాడు. తెలివిగల మాటే. ఒకటో తరగతి నుంచీ వాడు తెలివిగలవాడే, ఆ తెలివి ఎక్కడ వాడాలో తెలియదు.

"వరప్రసాదం, నువ్వు ఆ సినిమా చూసినావా?" అన్నాను.

"నేనెందుకు చూస్తానమ్మా అట్లాంటివి?"

"పరీక్ష కాయితం చదవకుండా సున్నా వేసే పంతులును నేను ఇంతవరకు చూడలేదు. చూసి రా. చూసినాక నువ్వేం చెప్తే అదే."

మాట అనేశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. నీ పేరును వాడి చేతిలో పెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

పలకల గని పక్క బయలులో కంభం నుంచి వచ్చిన టూరింగు టాకీసువాళ్ళు డేరా వేసి ఉన్నారు. అయ్యగారే పోయి వాళ్ళతో మాట్లాడి నీ సినిమా తెప్పించారు. సంఘం తరఫున చూసి రావాల్సింది ముగ్గురం, అయ్యగారు, వరప్రసాదం, నేను. అట్లా అనుకున్నాం. మొన్న శుక్రవారం డేరా దగ్గరికి పోయేసరికి సంఘంలో సగం అక్కడే ఉంది. వెంకటసుబ్బులమ్మ మనవలందరినీ బండిలో వేసుకొచ్చింది. త్రిపురాంతకం నుంచి కూడా నా పాత పిల్లలు వచ్చారు. ఆడవాళ్ళ వైపు నాకు ముందు చాప వేశారు. వరప్రసాదం మగవాళ్ళ వైపు గుంజకు ఆనుకొని కూర్చున్నాడు, తెరకు కాస్త పక్కకు తిరిగి. చూడ్డానికి రాలేదు, తనిఖీకి వచ్చాడన్నమాట.

సినిమా ఎట్లా ఉందని అడుగుతావు. పాటలు ఎక్కువ. ఆ హీరో ఎవడో ఊరికే చెట్లెక్కుతాడు. వాడిని నా బడిలో వేసి ఉంటే దారికి తెచ్చేదాన్ని. ఇదంతా అనుకుంటూ ఉండగా బడి వాకిలి కనబడింది, అందులో నుంచి నువ్వు నడిచి వచ్చావు.

నేను అట్లా నడవను అనుకుంటూ పోయాను. నడుస్తాను. ఎడమ కాలు వేసేటప్పుడు కొంగు పట్టుకుంటానని నాకే తెలియదు. నా వెనక ఎవరో "ఓయమ్మా, మన పంతులమ్మే గదా" అంది. ఇంకొకామె "నోర్మూసుకో, వింటాది" అంది. ఎవరు వింటారని దాని భయం? తెర మీదుండే నువ్వా, చాప మీదుండే నేనా?

తరగతిలో పిల్లలు అల్లరి చేస్తున్నారు. నువ్వు కేకలు వెయ్యలేదు. కళ్ళద్దాల పెట్టెతో బల్ల మీద మెల్లగా కొట్టావు. గొంతు తగ్గించి, "లేవండి" అన్నావు.

సామ్రాజ్యం, నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. నా పక్కన వెంకటసుబ్బులమ్మ లేచింది, చంకలో పిల్లతో సహా. ఆమె వెనకామె లేచింది. వెనకనుంచి పలకల గని కుర్రవాళ్ళు "కూచోండమ్మా, తెర కనపళ్ళా" అని అరుస్తున్నారు, వీళ్ళకు వినపడడం లేదు. సరిగ్గా అప్పుడే యంత్రంలో రీలు చుట్ట అయిపోయింది. తెర నల్లబడింది. ఇంకో చుట్ట ఎక్కించడానికి వాళ్ళు దీపం వేశారు.

దీపం వెలుగులో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా దగ్గర చదివినవాళ్ళంతా నిలబడి ఉన్నారు. మగవాళ్ళ వైపు కూడా. గుంజ దగ్గర వరప్రసాదం చేతులు కట్టుకొని, తల వంచి, ఒకటో తరగతిలో ఎక్కాలు రానిరోజు ఎట్లా నిలబడేవాడో అట్లా నిలబడ్డాడు. నెరిసిన మీసం, పంచె, అంతా అట్లాగే ఉంది. చేతులు మాత్రం చిన్నపిల్లవాడివి. నన్ను చూసి కూర్చోబోయాడు, కూర్చోలేకపోయాడు. లేవమన్నామె కూర్చోమనలేదు కదా. నువ్వేమో చుట్టతో పాటు పెట్టెలో ఉన్నావు.

డేరా అంతా నా వైపు చూస్తోంది. ఇంక నేనే అన్నాను.

"కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. మిగతా సినిమా నేను సరిగ్గా చూడలేదు, కళ్ళద్దాలు మసకేశాయి. డేరాలో దుమ్ము.

వాళ్ళను నేను నలభై ఏళ్ళు లేపాను, చేతిలో బెత్తం పెట్టుకొని. నువ్వు ఊళ్ళో లేకుండానే లేపావు. కనకాంబుజమ్మ గారు గొప్పావిడే అయి ఉంటుంది, ఆ పతకం ఆవిడ దగ్గరే చల్లగా ఉండనీ. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు. అయితే ఒక్కటి మాత్రం ఎవరడిగినా చెప్తాను, మా పిల్ల అంత బాగా చేసినవాళ్ళు ఇంకొకరున్నారంటే నేను కళ్ళారా చూసి గానీ నమ్మను. ఇది గర్వమని బైబిలు వాక్యంలో ఉంది. దేవుడికి నేను సర్ది చెప్పుకుంటాను.

నిన్న ఆదివారం అయ్యగారు అడిగారు. "వరప్రసాదం, చూసి వస్తివి గదా. ఏమంటావు?"

వాడు లేచాడు. వేషాలు కట్టేవాళ్ళ గురించి ఏదో చెప్పబోయి ఆగాడు. నా వైపు చూడలేదు. "మట్టలాదివారం దాకా ఎందుకయ్యగారూ, ఇప్పుడే రాయండి" అన్నాడు. కూర్చుంటూ, పక్కన కూర్చున్నాయనతో, "నాకైతే పంతులమ్మనే చూసినట్టుండాది" అని గొణిగాడు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి.

రాశారు. సిరా ఆరేదాకా పుస్తకం దగ్గర నిలబడి చూశాను.

పిచ్చయ్య శెట్టి కూడా సినిమా చూశాడు. ఇప్పుడు బరువు అడగడం లేదు. చెట్లెక్కే కుర్రవాడు చివరికి ఏమయ్యాడని అడుగుతున్నాడు, మధ్యలో నిద్రపోయాడట.

నువ్వు గుడ్ ఫ్రైడే నాటికి ఇక్కడ ఉండాలి. గుంటూరులో బండి మారేటప్పుడు సామాను కూలివాడికి ఇచ్చి ఎటో చూస్తూ నిలబడకు. ముసలి పొడి పూసుకొని రావొద్దు, ఊళ్ళో ఒక ముసలిది చాలు. స్టేషనుకు జట్కా చెప్తానంటే వరప్రసాదం వద్దన్నాడు, తనే ఎడ్లబండి కట్టుకొని వస్తాడట. వాడికి వాడుగా అడిగాడు, నేను సరేనన్నాను. దారంతా మామతో మంచిగా మాట్లాడు. బండి తోలేటప్పుడు మాత్రం లేవమనకు.

నీకోసం చూస్తూ
అవ్వ